మరకల మందు కొలత బిల్లు మీద ఉండాలి

సంపాదకులు గారికి,

కార్పెట్ కడగడం అయిపోతుంది. గొట్టాలు చుట్టుకుంటూ పనివాళ్ళు అడుగుతారు, 'మరక పట్టకుండా మందు కొట్టమంటారా?' అని. సరేనంటే పది నిమిషాల్లో ఏదో చల్లి, డబ్బు తీసుకుని వెళ్ళిపోతారు. ఏం చల్లారో, ఎంత చల్లారో, ఆ కార్పెట్‌కు అది పనికొచ్చేదో కాదో ఇంటివాళ్ళకు తెలిసే వీలే ఉండదు. కార్పెట్లు శుభ్రం చేసే వృత్తిలో ఉన్నవాళ్ళం కాబట్టి ఈ సంగతి మేమే చెప్పాలి. మందు నిజంగానే పనిచేస్తుంది. కొలత ప్రకారం కొట్టినప్పుడు, అవసరమున్న పోగు మీద కొట్టినప్పుడు పనిచేస్తుంది. అందుకే ఏ మందు వాడారు, ఎంత నీటిలో కలిపారు, ఎన్ని చదరపు అడుగులకు ఎన్ని లీటర్లు పట్టింది అన్నవి బిల్లు మీద రాసివ్వడం మా వృత్తిలో అలవాటు కావాలని కోరుతున్నాం. ఇందులో కొంత తోటి పనివారి కోసం, కొంత ఇంట్లో కార్పెట్ ఉన్న పాఠకుల కోసం.

'ఇక జన్మలో మరక పడదు' అనే మాటను ముందు పక్కన పెట్టాలి. ఒలికింది పోగులోకి దిగేలోపు తుడుచుకోవడానికి ఈ మందు కాస్త వ్యవధి ఇస్తుంది, అంతే. చల్లటి పండ్లరసం ఒలికితే కుచ్చు (కార్పెట్ పైన నిలబడి ఉండే పోగుల ఒత్తు) మీద బొట్లుబొట్లుగా నిలబడుతుంది, పొడిగుడ్డతో అద్దితే వచ్చేస్తుంది. అదే వేడి కాఫీ అయితే ఆ వేడికే రంగు పోగులోకి చొరబడుతుంది. ఎత్తు నుంచి పడ్డ ద్రవం ఆ విసురుకు అడుగుదాకా దిగుతుంది. బ్లీచింగ్ ద్రావణం, మొటిమల క్రీముల్లో ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్ వంటివి మరక చేయవు, కార్పెట్ రంగునే తినేస్తాయి. వాటికి ఏ మందూ అడ్డం కాదు. పెంపుడు జంతువుల మూత్రం కుచ్చు దాటి వెనక అల్లికలోకి, దాని కింది మెత్తలోకి పోతుంది. అక్కడికి ఈ మందు చేరనే చేరదు. ఇవన్నీ మందు కొట్టకముందే చెప్పాలి. మరక పడ్డాక చెబితే సాకు చెబుతున్నారనుకుంటారు.

'స్టెయిన్ ప్రొటెక్టర్' అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. తికమక అంతా అక్కడే మొదలవుతుంది.

ఒకటి ఫ్లోరిన్ రసాయనాలతో చేసేది. ఇది పోగు చుట్టూ కంటికి కనపడని పలుచటి పొరగా అంటుకుంటుంది. ద్రవం బొట్టుగా నిలబడుతుందా, పరుచుకుంటుందా అన్నది ద్రవం తలతన్యతకూ (తన బొట్టును తానే బిగించి ఉంచే బలం), అది పడిన చోటి ఉపరితల శక్తికీ (ద్రవాన్ని తన మీదికి లాగి పరిచే గుణం) మధ్య లెక్క. రెండోది ఎంత తక్కువైతే బొట్టు అంత బాగా నిలబడుతుంది. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు, నూనెలది దాదాపు 30. నైలాన్ పోగు ఉపరితల శక్తి 40 పైన ఉంటుంది, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుది 30 దగ్గర. ఫ్లోరిన్ పొర దాన్ని 20 లోపుకు దించుతుంది. అందుకే దాని మీద నీళ్ళే కాదు, నూనె కూడా బొట్టుగా నిలబడుతుంది. పొడి దుమ్ము కూడా గట్టిగా అంటుకోదు, వ్యాక్యూమ్‌కు తేలిగ్గా వచ్చేస్తుంది. చాలా ఇళ్ళలో అసలు లాభం ఇదేనని మా అభిప్రాయం. నడక దారుల్లో కార్పెట్ కళ తప్పేది మరకల వల్ల కన్నా, పాదాల కింద నలిగే ఇసుక రేణువులు పోగును గీరడం వల్లే ఎక్కువ. సిలికోన్ సరుకులు కొన్ని ఇదే పేరుతో దొరుకుతాయి. అవి నీటిని ఆపుతాయి గానీ జిడ్డును ఆపలేవు, పైగా దుమ్మును పట్టుకుంటాయి. కార్పెట్ మీద వాటిని వాడకూడదు.

రెండోది యాసిడ్ డై బ్లాకర్. ఇది ద్రవాన్ని ఆపదు, రంగును ఆపుతుంది. నైలాన్‌లో, ఉన్నిలో ధనావేశంతో రంగును పట్టుకునే స్థానాలుంటాయి. ఫ్యాక్టరీలో కార్పెట్‌కు వేసిన రంగు కొన్ని స్థానాలు నింపుతుంది, మిగిలినవి ఖాళీగా ఉండిపోతాయి. శీతల పానీయాల్లో కలిపే ఎరుపు రంగు ఋణావేశం ఉన్న ఆమ్ల రంగు. ఒలికినప్పుడు ఆ ఖాళీల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. అంటే ఆ చోట కార్పెట్‌కు కొత్తగా అద్దకం జరిగిందన్నమాట. అది మామూలు షాంపూకు రాకపోవడంలో వింతేమీ లేదు. బ్లాకర్‌కు కూడా ఋణావేశమే ఉంటుంది కనుక అది ముందే ఆ ఖాళీల్లో చేరి చోటు లేకుండా చేస్తుంది. నైలాన్‌కు, ఉన్నికి ఇది మేలు చేస్తుంది. పాలిస్టర్‌లో, పాలీప్రొపిలీన్‌లో అలాంటి స్థానాలే లేవు. పాలీప్రొపిలీన్‌కు దారం తీయకముందే, కరిగిన ముద్దలోనే రంగు కలుపుతారు. అలాంటి కార్పెట్‌కు బ్లాకర్ అమ్మడమంటే తాళం లేని తలుపుకు తాళంచెవి అమ్మినట్టు. ఆ రెండు పోగులకూ జిడ్డంటే చుట్టరికం. నూనె, పాదాల జిడ్డు వాటిని పట్టుకుంటే వదలవు. కొడితే గిడితే ఫ్లోరిన్ మందే కొట్టాలి, అది కూడా నడక దారుల్లో.

కాబట్టి పోగేదో తెలుసుకోకుండా మందు మాటే ఎత్తకూడదు. కార్పెట్ వెనక చీటీ ఉంటే మంచిదే. లేకపోతే గది మూల నుంచో, అలమర కింది నుంచో నాలుగు పోగులు కత్తిరించి, తడిపి నలిపి, గాలి బుడగలు పోయాక గ్లాసు నీళ్ళలో వేయాలి. తేలితే పాలీప్రొపిలీన్. దాని సాంద్రత 0.91, నీటికన్నా తక్కువ. మునిగితే మిగతావాటిలో ఏదో ఒకటి: నైలాన్ 1.14, పాలిస్టర్ 1.38. మునిగిన పోగును ఆరబెట్టి, ఇంటి బయటికి తీసుకెళ్ళి, పట్టకారుతో పట్టుకుని మంటకు చూపించాలి. జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే ఉన్ని. కరిగి గట్టి పూసలా మారితే నైలాన్ లేదా పాలిస్టర్. పాలిస్టర్ నల్లటి పొగ వదులుతుంది. కాగితం కాలిన వాసన వస్తే జనుము, విస్కోస్ (కలప గుజ్జుతో చేసే పోగు) లాంటివి. విస్కోస్‌కు నీటి చుక్కే మరక చేస్తుంది. నీళ్ళలో కలిపే మందును దాని దగ్గరికి తీసుకెళ్ళకుండా, అలాంటి రగ్గులు చూసే వారికి అప్పగించడం మేలు.

ఇక ప్రదర్శనల సంగతి. గ్లాసు నీళ్ళు కార్పెట్ ముక్క మీద పోసి, 'చూశారా, ఇంకలేదు' అని చూపించడం బాగా వాడుకలో ఉంది. దాంతో ఏమీ రుజువు కాదు. ఉన్ని పైపొర సహజంగానే నీటిని తోస్తుంది. పాలీప్రొపిలీన్ మీద కూడా మందు లేకుండానే నీటి బొట్టు నిలబడుతుంది. కచ్చితంగా తేల్చేది నూనె బొట్టు. వస్త్రాల పరీక్షల్లో, నూనెను ఎంత తోస్తుందో కొలిచే ఏఏటీసీసీ 118 అనే పద్ధతి ఉంది. అందులో మొదటి మెట్టు మినరల్ ఆయిల్ బొట్టు, గడువు 30 సెకన్లు. ఇంట్లో అంత పకడ్బందీగా చేయనక్కర్లేదు. మందు కొట్టిన మర్నాడు, కార్పెట్ పూర్తిగా ఎండాక, కనపడని మూలన ఒక మినరల్ ఆయిల్ చుక్క వేసి అర నిమిషం చూడాలి. పక్కనే 90 భాగాల నీటికి 10 భాగాల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన చుక్క ఒకటి వేయాలి. రెండూ గుండ్రంగా నిలబడితే ఫ్లోరిన్ మందు పడినట్టే. నూనె ఇంకిపోతే మందు పలచనైపోయి ఉండాలి, లేదా అది ఫ్లోరిన్ మందు కాదు. తడి కార్పెట్ మీద ఈ పరీక్ష చెల్లదు. పొర అంటుకునేది ఆరాకే.

మందు విఫలమయ్యే సందర్భాల్లో ఎక్కువ శాతానికి కారణం మందులో ఉండదు, దానికి ముందు జరిగిన కడుగుడులో ఉంటుంది. ముందు పొడి వ్యాక్యూమ్ నెమ్మదిగా, రెండు దిశల్లో పట్టాలి. దుమ్ము మీద పడ్డ మందు దుమ్మునే పట్టుకుని, తర్వాతి వ్యాక్యూమ్‌తో పాటే పోతుంది. తర్వాత వేడినీటితో కడిగి పీల్చే పద్ధతిలో శుభ్రం చేయాలి. ఇక్కడ వాడే డిటర్జెంట్లు చాలావరకు క్షారాలు. ఆ క్షారం, ఆ సబ్బు కుచ్చులో మిగిలితే ఫ్లోరిన్ పొర పోగుకు సరిగా అంటదు, బ్లాకర్ అసలే నిలవదు. నీటిని, నూనెను కలపడమే సబ్బు పని కదా, దాని మీద నీటిని తోసే పొర ఎలా నిలుస్తుంది? అందుకే చివరి కడుగు ఆమ్ల గుణమున్న రిన్స్‌తో (సబ్బును వదిలించే ద్రావణం) చేసి, తడి కుచ్చు మీద ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ కాగితం అద్ది చూడాలి. 5కూ 7కూ మధ్య చూపిస్తే మందు కొట్టొచ్చు. 8 దాటితే ఇంకోసారి రిన్స్ చేయాలి. పీహెచ్ 10 దాటిన క్లీనర్లు నైలాన్ మీద ఫ్యాక్టరీలో వేసిన బ్లాకర్‌ను కూడా ఊడ్చేస్తాయి. ధనావేశం ఉన్న రసాయనాలు, ముఖ్యంగా క్వాటర్నరీ అమ్మోనియం క్రిమిసంహారకాలు, ఋణావేశపు బ్లాకర్‌తో కలిస్తే గడ్డ కడతాయి. నిన్న క్రిమిసంహారకం కొట్టిన స్ప్రేయర్‌లో ఈరోజు బ్లాకర్ పోస్తే నాజిల్ మూసుకుపోయేది అందుకే. మందుకు వేరే స్ప్రేయర్ ఉంచుకోవడం ఉత్తమం.

రిన్స్ అయ్యాక నీళ్ళు వదలకుండా, పీల్చే గొట్టాన్ని మరో రెండు మూడు సార్లు లాగాలి. కుచ్చు చెమ్మగా ఉండాలి, తడిసి ముద్దగా ఉండకూడదు. ముద్దగా ఉంటే లేబుల్ చెప్పిన పాళ్ళలో కలిపిన మందు కార్పెట్ మీద మళ్ళీ పలచబడుతుంది. పైగా నీటితో పాటు అడుగుకు జారిపోతుంది. మందు ఉండాల్సింది కుచ్చు పై భాగంలో. ఒలికేదీ, పాదం తగిలేదీ అక్కడే.

ఇక కొలత. ఎక్కువ గాఢతతో వచ్చే సరుకుల్లో ఒక భాగం మందుకు ఏడు భాగాల నీళ్ళు అన్న పాళ్ళు తరచుగా కనిపిస్తాయి. అలా కలిపిన లీటరు 100 నుంచి 130 చదరపు అడుగులకు వస్తుంది. ఇది ఉజ్జాయింపే, తుది మాట ఆ డబ్బా మీది లేబుల్‌దే. ఒత్తు కుచ్చుకు, ఉన్నికి ఎక్కువ పడుతుంది. 12 అడుగులకు 15 అడుగుల గది తీసుకోండి, 180 చదరపు అడుగులు. దానికి కలిపిన మందు లీటరున్నర పైచిలుకు కావాలి. 1.6 లీటర్లనుకుంటే అందులో అసలు మందు 200 మిల్లీలీటర్లు, నీళ్ళు 1400. ఆ గదిని అర లీటరుతో ముగించినవారు తేమ చూపించారు తప్ప మందు కొట్టలేదు. డబ్బాను ముందు బాగా తిప్పి కలపాలి, అడుగున పేరుకున్నదే అసలు సరుకు. చలికి ఒకసారి గడ్డకట్టి కరిగిన డబ్బాలో మందు విరిగిపోయి ఉండొచ్చు. కలిపినప్పుడు తరకలు తేలితే పారేయాల్సిందే.

కొట్టడంలో పెద్ద విద్యేమీ లేదు గానీ ఓపిక కావాలి. బల్లపరుపుగా విసనకర్రలా చల్లే నాజిల్, తక్కువ ఒత్తిడి, నేల నుంచి 8 నుంచి 12 అంగుళాల ఎత్తు. తలుపుకు ఎదురు గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ రావాలి. కలిపిన దాంట్లో సగం గది పొడవునా, మిగతా సగం అడ్డంగా కొడితే చారలు రావు. మెట్ల అంచులకు, గుమ్మం దగ్గరికి, సోఫా ముందుకు కాస్త మందు మిగుల్చుకోవాలి. కొట్టిన వెంటనే, తడి ఆరకముందే, పళ్ళున్న కార్పెట్ రేక్‌తోనో గట్టి బ్రష్‌తోనో రెండు దిశల్లో దువ్వాలి. చాలామంది వదిలేసేది ఈ దువ్వడాన్నే. దువ్వకపోతే మందు కుచ్చు కొనల మీద మాత్రమే కూర్చుంటుంది. నాలుగు నెలల నడకకు కొనలు అరిగితే మందూ పోతుంది. తర్వాత నేల మట్టానికి గాలి కొట్టే ఫ్యాన్లు పెట్టి, ఆరేదాకా నడవనివ్వకూడదు. గాలి, తేమను బట్టి 6 గంటల నుంచి ఒక రోజు పడుతుంది. సామాను కాళ్ళ కింద అల్యూమినియం రేకు ముక్కలో ప్లాస్టిక్ ముక్కలో పెట్టకపోతే చెక్క రంగు, ఇనుము తుప్పు కుచ్చుకు దిగుతాయి. మందు కొట్టినరోజే కొత్త మరక తెచ్చిపెట్టినట్టవుతుంది.

'కాస్త ఎక్కువ కొడితే ఇంకా మంచిదేగా' అనుకుంటారు. కాదు. ఎక్కువైన మందు కుచ్చును బిరుసుగా చేస్తుంది, ముదురు రంగు కార్పెట్ మీద తెల్లటి పొడిలా తేలుతుంది. కొన్ని సరుకులు బంకగా మారి దుమ్మును లాగుతాయి. వెనక జనుము అల్లిక ఉన్న కార్పెట్ అతిగా తడిస్తే జనుములోని గోధుమ రంగు పైకి పాకుతుంది. కొన్ని రకాల బ్లాకర్లతో లేతరంగు ఉన్ని, నైలాన్ పసుపెక్కే ప్రమాదం కూడా ఉంది. అందుకే తెల్లగుడ్డను మందులో ముంచి ఒక మూలన నిమిషం పాటు అదిమి, గుడ్డకు రంగు దిగిందేమో, కార్పెట్ రంగు మారిందేమో చూశాకే మొత్తానికి కొట్టాలి.

చల్లేవారి ఊపిరి గురించి ఎవరూ మాట్లాడరు. ఫ్లోరిన్ పాలిమర్లు సన్నటి పొగమంచులా గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి వెళితే తీవ్రమైన హాని జరుగుతుందని వైద్యులు నమోదు చేశారు. కాబట్టి ఒత్తిడి పెంచి సన్నగా చల్లడం పనికిరాదు, బొట్లు పెద్దవిగా నేలకు వెంటనే దిగాలి. ఆవిరులకూ తుంపరలకూ పనికొచ్చే మాస్కు, చేతి తొడుగులు, తెరిచిన కిటికీలు ఉండి తీరాలి. పిల్లలు, జంతువులు, ముఖ్యంగా పక్షులు ఆ గదిలో ఉండకూడదు. చేపల తొట్టిని కప్పి, దాని గాలి పంపు ఆపాలి. పక్కనున్న రాతి నేల, చెక్క నేల మీద తుంపర పడితే జారుతుంది, వెంటనే తుడవాలి.

ఇంకో పెద్ద ప్రశ్న ఈ ఫ్లోరిన్ రసాయనాల గురించే. స్కాచ్‌గార్డ్ పేరుతో అమెరికాకు చెందిన 3ఎం సంస్థ ఈ సరుకును 1956లో మార్కెట్లోకి తెచ్చింది. అందులో వాడిన పీఎఫ్ఓఎస్ రకం రసాయనాలు ప్రకృతిలో విచ్ఛిన్నం కావని, మనుషుల రక్తంలో చేరుతున్నాయని తేలాక, 2000 మే నెలలో ఆ సంస్థే వాటి తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇలా విచ్ఛిన్నం కాని రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో పీఎఫ్ఓఎస్‌ను, 2019లో దాని చుట్టమైన పీఎఫ్ఓఏను నియంత్రణ జాబితాల్లో చేర్చింది. ఇవన్నీ చేరే పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం మొత్తం తయారీ నుంచే 2025 చివరికి తప్పుకుంటామని 2022 డిసెంబరులో 3ఎం చెప్పింది. ఈ చరిత్ర ఇంటివాళ్ళకు చెప్పకుండా మందు అమ్మడం మాకు న్యాయంగా తోచదు. డబ్బా మీద 'పీఎఫ్ఓఏ లేదు' అని ఉంటే ఆ ఒక్క రసాయనం లేదనే అర్థం, దాని చుట్టాలు ఉండొచ్చు. 'పీఎఫ్ఏఎస్ లేదు' అన్నది వేరే మాట. ఫ్లోరిన్ లేని మందులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి నీటిని బాగానే తోస్తాయి గానీ నూనె ముందు నిలవలేవు. పాకే పిల్లలున్న ఇల్లు, నూనె ఒలికే అవకాశం తక్కువున్న గది అయితే ఫ్లోరిన్ లేనిదే వేయించుకోమని, లేదా అసలు ఏదీ వద్దని చెప్పడానికి మేం వెనకాడం. నైలాన్ అయితే బ్లాకర్ ఒక్కటే వేసినా రంగు పానీయాల బెడద చాలావరకు తీరుతుంది.

మిగిలిన మందును కాలువలోనో సింకులోనో పారబోయడం తప్పు. గదికి సరిపడా లెక్కగట్టి కలిపితే పారబోయాల్సిందే మిగలదు.

బిల్లు మీద ఏముండాలో ఇక్కడే రాసేస్తాం: పోగు రకం, మందు పేరు, అది ఫ్లోరిన్‌దా, బ్లాకరా, రెండూనా, కలిపిన పాళ్ళు, మొత్తం లీటర్లు, చదరపు అడుగులు, రిన్స్ తర్వాత పీహెచ్ ఎంత, తేదీ. దానితో పాటు మందు తయారీదారు ఇచ్చే భద్రతా వివరాల పత్రం ఒక ప్రతి. ఇవ్వనంటే మందు వద్దనండి, కడుగుడుతో సరిపెట్టండి. తేదీ ఎందుకంటే, నడక దారుల్లో పొర ఏడాది, ఏడాదిన్నరకు అరిగిపోతుంది. తర్వాత వచ్చే పనివారు నూనె బొట్టు వేసి చూసి, మందు పోయిన చోట మాత్రమే మళ్ళీ కొడితే చాలు. మంచం కింద, అలమరల వెనక అడుగు పెట్టని చోట మందు చెక్కుచెదరదు. అక్కడ ఏటా కొట్టి లెక్కగట్టడం అన్యాయం.

ఒలికినప్పుడు మాత్రం ఇంటివాళ్ళ చేతిలోనే ఉంటుంది. తెల్లటి పొడిగుడ్డ వేసి, రుద్దకుండా పైనుంచి అదమండి, అంచు నుంచి మధ్యకు. గుడ్డకు తడి రావడం ఆగాక మామూలు నీళ్ళు కొద్దిగా చిలకరించి మళ్ళీ అద్దండి. బట్టల సబ్బు పొడి, అంట్లు తోమే ద్రవం జోలికి పోవద్దు, అవి కుచ్చులో మిగిలి మందు పొరను చెడగొడతాయి. చివరగా ఆ చోట ఓ దొంతర కాగితపు రుమాళ్ళు, వాటి మీద ఒక బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. అడుగు అల్లికలో మిగిలిన రంగు ఆరేటప్పుడు పైకి పాకి ఆ కాగితంలోకి ఎక్కుతుంది. 'పోయిన మరక మళ్ళీ వచ్చింది' అని మమ్మల్ని పిలిచే ఇళ్ళలో సాధారణంగా జరిగిందేమిటంటే, ఆ కాగితం లేక రంగు కుచ్చు కొనకే చేరడం.

ఇట్లు,
కార్పెట్ శుభ్రత వృత్తిలో ఉన్నవారు